కొండ మొదట్లో ఇల్లు

పళ్ళెంలో పందితల చల్లారిపోయింది. చెవుల కింద కొవ్వు తెల్లగా గడ్డకట్టడం మొదలైంది. నా చెల్లెలు ఖిమ్ ఇంకా రాలేదు.

అమ్మ గేటుదాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చింది. కాసేపాగి మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత వెళ్ళడం మానేసి, వంటింటి మెట్టు మీద కూర్చుని నిమ్మగడ్డి తరగడం మొదలుపెట్టింది. మార్కెట్లో తను అమ్మే సాసేజిలోకి రేపటికి కావలసిన నిమ్మగడ్డి నిన్ననే తరిగి డబ్బాలో పెట్టింది. నేను చూశాను. ఇప్పుడు తరుగుతున్నది మా అందరికీ కత్తి చప్పుడు వినపడాలని.

ఖిమ్ మొగుడు తోంగ్ గోడకి చేరబడి ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాలో పెళ్ళయితే మగవాడే ఆడదాని ఇంటికి వస్తాడు కదా, చలికాలం మొదట్లో పెళ్ళయిన మర్నాడే రెండు పెట్టెలతో ఊరికి ఈ చివర సారఫీలోని మా అమ్మ ఇంట్లో దిగాడు. పాపం, ఇంతవరకూ రెండో పెట్టె తెరవలేదు. తెరవాలో వద్దో తేలకుండా పోయింది.

"తాళంచెవి సంగతి ఏమైంది?" అని అతన్ని మెల్లగా అడిగాను.

సాయంత్రం లోపు వచ్చి తీసుకోకపోతే వాళ్ళు అద్దెకి మాట్లాడుకున్న ఇల్లు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానని ఇంటాయన పొద్దున మళ్ళీ ఫోను చేశాడట. బెల్జియం నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, ఇద్దరూ సైకిలు పిచ్చివాళ్ళే, వాకిట్లో కాచుకుని కూర్చున్నారట. చలికాలం వస్తే ఊరికి ఆ చివరున్న దోన్ కేవ్ వైపు ఇళ్ళకి అంత గిరాకీ. వెనక కొండ, ముందు జలాశయం, పక్కన కాలవ గట్టు మీద సాఫీగా పోయే రోడ్డు. ఈదడానికీ తొక్కడానికీ పరిగెత్తడానికీ గుమ్మం దిగితే చాలు. ఆ ఇల్లు దొరికిన రోజు ఖిమ్ మా నూడుల్స్ కొట్టుకి వచ్చి, నిలబడే రెండు గిన్నెలు లాగించి, గోడలు ఏ రంగో కూడా చెప్పలేకపోయింది. గదులెన్నంటే తెలియదంది. గేటు నుంచి కొండ ఎక్కుడు ఎంత దూరమో మాత్రం అడక్కుండానే చెప్పింది.

కత్తి చప్పుడు ఆగింది. మా మాటలు అమ్మ చెవిన పడ్డాయి.

"తాళంచెవి ఎవరూ తీసుకురానక్కర్లేదు," అంది అమ్మ, మాకేసి చూడకుండా. "ఈ ఇంటికి తాళమే లేదు."

బువా పిన్ని గూటి ముందు చాప మీద కూర్చుని ఉంది. అమ్మ చెల్లెలు. తెల్ల జాకెట్టు తొడుక్కుని, జడలో పూలు పెట్టుకుని, పొద్దుటినుంచీ నోరు మెదపకుండా ఉంది. ఇంటి పెద్దల గూడు అంటే మా ఇంట్లో తూర్పు గోడకి కొట్టిన చిన్న అరే. దాని మీద అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మ, ఆ పైన ఎంతమందో తల్లులు ఉంటారని మా నమ్మకం. వాళ్ళ ఎదురుగా పందితల, ఉడికించిన కోడి, జిగురన్నం, సీసాలో బియ్యపు సారాయి. కుర్చీ మీద నడుముకి చుట్టుకునే సిన్ గుడ్డ, ఇస్త్రీ చేసింది, పట్టు జాకెట్టు, ఖిమ్ వచ్చి కట్టుకోవడానికి.

ఇదంతా అమ్మ మొక్కు. కిందటేడు వానాకాలంలో ఖిమ్‌ని లారీ గుద్దేసి, మెడ కింది ఎముక విరిగి, తుంటి కదిలిపోయి ఆస్పత్రిలో పడుకుంటే, ఇది పరిగెత్తడం మాట దేవుడెరుగు, నడిస్తే చాలన్నారు డాక్టర్లు. అప్పుడు అమ్మ ఇంటికొచ్చి ఈ గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుందట. నా చిన్నది మళ్ళీ మునుపటిలా పరిగెత్తిందా, పందితల పెట్టిస్తాను, పిల్ల ఈ కప్పు కిందే ఉండి జన్మంతా మిమ్మల్ని చూసుకుంటుంది అని మొక్కిందట. ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం సముద్రం దగ్గర పందెంలో ఖిమ్ ఈదీ, తొక్కీ, పరిగెత్తీ మూడోదిగా వచ్చిందని తెలియగానే బయటపెట్టింది. పిల్ల పతకం మెళ్ళో వేసుకుని ఇంటికొస్తే, అమ్మ పందితలకి బజారుకు పోయింది.

నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే అన్నాను, మొక్కుకునేది నువ్వు, తీర్చేది అదా అని. అమ్మ నాతో మూడురోజులు మాట్లాడలేదు. మహా భాగ్యం అనుకున్నాను.

గేటు దగ్గర సైకిలు గొలుసు టిక్ టిక్‌మంది. ఖిమ్ వచ్చింది.

తల తడిగా ఉంది. జలాశయంలో ఈది, ఊరంతా అడ్డంగా దాటుకుని తొక్కుకుంటూ వచ్చింది. బిగుతు నిక్కరు, వెనక జేబులున్న చొక్కా, మోకాళ్ళదాకా బురద చుక్కలు. సైకిల్ని గోడకి ఆనించి, గట్టి అడుగున్న బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో లోపలికి వచ్చింది. కుర్చీ మీద బట్టలు చూసింది. పందితలని చూసింది. దానికి దణ్ణం పెట్టింది కూడా.

"తలస్నానం అయినట్టే ఉందిగా," అంది అమ్మ. "బట్టలు మార్చుకుని రా. పెద్దలు కాచుకున్నారు."

"మార్చుకోనమ్మా. దణ్ణం పెడతాను, అన్నం వడ్డిస్తాను. ఇక్కడే పడి ఉంటానన్న మాట మాత్రం నా నోటితో అనను."

అమ్మ కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. ఆ తర్వాత గంటసేపు ఆ ఇంట్లో జరిగిందంతా చెప్పాలంటే ఒక పూట పడుతుంది. ఎవత్తె చెడగొడుతోంది నిన్ను, నేనా నీ అక్కా అని అమ్మ. ముప్పై ఏళ్ళు వచ్చాయి, చెడేదేదో నేనే చెడగలనని ఖిమ్. ఆడపిల్లలకి రోడ్లు కావలసొచ్చాయి అని అమ్మ. నీ సాసేజి బండి రోడ్డు మీద కాక ఆకాశంలో పోతోందా అని ఖిమ్. ఈ సారఫీలో రోడ్లు లేవా, రోడ్డు పొడుగునా అంతంత చెట్లున్నాయి కదా, వాటి నీడన తొక్కుకోకూడదా అంది అమ్మ. చెట్లున్నాయి, చెట్ల మధ్య లారీలూ ఉన్నాయని నేనందుకున్నాను. నిన్నెవరూ అడగలేదు చాన్ అంది అమ్మ. నన్నెవరూ అడక్కపోతే నేను మాట్లాడడం ఎప్పుడు మానాను గనక.

తోంగ్‌ని కూడా లాగింది అమ్మ. మాస్టారివి, నువ్వైనా చెప్పు, పెళ్ళాన్ని కొండ పక్కన పెట్టుకుని తెల్లారకముందే నీళ్ళల్లోకి దింపే మొగుణ్ణి ఎక్కడైనా చూశామా అని నిలదీసింది.

తోంగ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఇల్లు ఎవరిదైతే నాకేంటి అత్తయ్యా. ఖిమ్ సైకిలు ఎక్కడ పెడితే నా చెప్పులు అక్కడ విప్పుకుంటాను. బడికి ఇక్కణ్ణుంచీ బస్సుంది, అక్కణ్ణుంచీ ఉంది."

అల్లుడు పనికిరాడని అమ్మకి అర్థమైపోయింది. మూతి ముడుచుకుని మళ్ళీ కూతురి మీదికి తిరిగింది. "కొండ మీద తొక్కేవాళ్ళు లోయల్లో పడి చావలేదా? ఒకసారి పోయి బతికొచ్చావు. రెండోసారికి నా దగ్గర మొక్కులు లేవు."

ఖిమ్ అప్పటిదాకా నిలబడే ఉంది. ఇప్పుడు అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. దాని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది.

"నన్ను గుద్దింది కొండ మీద కాదమ్మా. కొండ ఎక్కి దిగి, జలాశయం చుట్టూ పరిగెత్తి, అంతా అయిపోయి, హైవే దాటి ఈ ఇంటికి వస్తుంటే గుద్దింది. రోజూ పొద్దున చీకట్లో ఊరు దాటి పోవాలి, ఎండెక్కాక లారీల మధ్య ఊరు దాటి రావాలి. ఈ ఇంట్లో ఉండబట్టి. అక్కడ ఉండి ఉంటే ఆ పూట నేను ఆ రోడ్డెక్కేదాన్ని కాదు."

"అంటే నా ఇల్లు గుద్దిందా నిన్ను?"

"అవునమ్మా."

ఈగ ఒకటి పందితల చుట్టూ తిరుగుతుంటే పిన్ని విసనకర్రతో తోలింది. అమ్మ మొహంలో రక్తం లేదు. అయినా చెల్లెలి మాటలో అబద్ధం ఎక్కడుందని వెతికితే నాకు దొరకలేదు.

అమ్మ లేచి గూటి ముందుకు పోయింది. నువ్వు అనకపోతే నేనే అంటానని, సారాయి పోసి, అగరొత్తులు వెలిగించి, చిన్నది మొండికేసింది, కోపగించుకోకండి, మొక్కు మొక్కే, మీరు భోంచేయండి అని తల్లులకి చెప్పుకుంది. వత్తులు కాలేదాకా అందరం చాప మీద కూర్చున్నాం. ఆ తర్వాత పిన్ని పక్కనున్న బియ్యం పళ్ళెంలోంచి చిటికెడు తీసి అరచేతిలో జతలు పెట్టింది. జతలు సరిపోతే పెద్దలు తిన్నట్టు. ఒక గింజ మిగిలితే తిననట్టు.

ఒక గింజ మిగిలింది.

మళ్ళీ వత్తులు, మళ్ళీ చిటికెడు. మళ్ళీ మిగిలింది. చూశావా, నీ వల్ల పెద్దలు ముద్ద ముట్టడం లేదంది అమ్మ. గొంతులో ఏడుపుంది, గెలిచానన్న పొగరూ ఉంది.

"ఇలా ఇవ్వు పిన్నీ," అంది ఖిమ్. "నేనడుగుతాను. కొండ దగ్గరికి పోవచ్చా అని అడుగుతాను. వద్దంటే పట్టు జాకెట్టు తొడుక్కుంటాను."

పిన్ని పళ్ళెం జరపబోయింది. అమ్మ చప్పున అరచెయ్యి చాపి బియ్యం మీద మూసేసింది.

ఖిమ్ అమ్మ చేతికేసి చూసింది. నేనూ చూశాను. నా నోరు మంచిది కాదు, ఆగలేదు. ఔనంటారని భయమా అమ్మా అని అడిగేశాను. అమ్మ నాకేసి చూసిన చూపుకి ఇంకొకతె అయితే కాలి బూడిదయ్యేది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

నేనంతటితో ఊరుకున్నా సరిపోయేది. చెల్లెలికి దారి చూపిద్దామన్న ఆవేశంలో పిన్ని వైపు తిరిగాను. పిన్నీ, ఇల్లు మారిన ఆడవాళ్ళు మన వంశంలో లేరా, పెద్దల్ని వెంట తీసుకుపోయినవాళ్ళు ఒక్కళ్ళూ లేరా అన్నాను. పిన్ని అమాయకురాలు. ఎందుకు లేరమ్మా అంది. మా అమ్మమ్మ చెల్లెలు ఫ్రావ్‌లో పొలం చేసుకోవడానికి పోయినప్పుడు గూటి మీది అగరొత్తుల గిన్నెలోంచి బూడిద పంచుకుని పోయింది. పెద్దలు భోజనం ముందు కూర్చున్నప్పుడే పంచుకోవాలి. పంచుకున్నాక అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. అయితే పంచుకున్నాక...

"బువా, నోరు మూసుకో," అంది అమ్మ.

పిన్ని మూసుకుంది. కానీ ఖిమ్ అప్పటికే లేచింది.

తన చొక్కా వెనక జేబులోంచి ఉప్పు బిళ్ళల గొట్టం తీసింది, ఎండలో తొక్కేటప్పుడు నీళ్ళలో కలుపుకునేవి. బిళ్ళలు తోంగ్ చేతిలో పోసింది. గూటి ముందు మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించి, లేచి, అగరొత్తులు గుచ్చే ఇత్తడి గిన్నెలోంచి వేళ్ళతో బూడిద తీసి గొట్టంలో పోసుకుంది.

"పెద్దలూ, నేను ఖిమ్‌ని," అంది పైకే. "అమ్మ మొక్కింది అమ్మ మాట. నా మాట వినండి. మిమ్మల్ని వదిలిపెట్టి పోవడం లేదు, నాతో తీసుకుపోతున్నాను. ఇల్లు కొండ మొదట్లో ఉంటుంది. నేను చీకటితో లేస్తాను, మీకూ నిద్ర ఉండదు. పొద్దున్నే చలి. అలవాటు చేసుకోండి."

గొట్టానికి మూత బిగించి వెనక జేబులో పెట్టుకుంది. పిన్ని చీర కొంగులాంటి పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం చప్పట్లు కొట్టాలనిపించింది. చిన్నప్పటినుంచీ ఈ ఇంట్లో ఎవరూ అమ్మని ఇలా ఎదిరించడం చూడలేదు. నేను ఎదిరించలేదు, పారిపోయాను. పెద్దకూతుళ్ళు మొగుడితో కొన్నాళ్ళు అమ్మ దగ్గరుండి వేరు కాపురం పెట్టుకోవచ్చు. నేను ఆ కొన్నాళ్ళు కూడా ఉండలేదు. మార్కెట్టు దగ్గర కొట్టు పెట్టి, దాని మీది గదిలో మొగుడితో, పిల్లలతో ఇన్నేళ్ళుగా హాయిగా ఊపిరి తీస్తున్నాను.

ఖిమ్ బూట్లు తొడుక్కుంది. తోంగ్ లోపలికి పోయి తెరవని పెట్టె తెచ్చి స్కూటరు మీద పెట్టుకున్నాడు. తెరిచిన పెట్టె రేపు వచ్చి సర్దుకుంటానత్తయ్యా అని, ఏదో సెలవులకి వెళుతున్నవాడిలా వంగి దణ్ణం పెట్టాడు.

అమ్మ కేకలేస్తుందనుకున్నాను. అమ్మ కేకలెయ్యలేదు. గూటి దగ్గరికి పోయి, ఇత్తడి గిన్నె రెండు చేతులా ఎత్తి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వచ్చి, ఖిమ్ దగ్గరికి కాదు, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"బువా, ఇందాక సగంలో ఆపావుగా," అంది. "మిగతాది చెప్పు. చాన్‌కి వినాలనుంది."

పిన్ని తల వంచుకుంది. అమ్మ మళ్ళీ చెప్పమంది. పిన్ని చెప్పింది. పంచుకున్నాక మిగిలిన గిన్నె మళ్ళీ గూటి మీద పెట్టకూడదట. నేల మీద దించకూడదట. ఇంట్లో ఉండబోయే కూతురు తన చేత్తో అందుకుని, తన చేత్తోనే గూటికెక్కించాలట. అమ్మ దాన్ని ఉంచుకోవడానికి లేదు. ఖిమ్ పెళ్ళినాడే గిన్నె ఖిమ్‌కి అప్పగించేసింది. ఒకసారి అప్పగించాక తల్లి తిరిగి పుచ్చుకోకూడదు.

"నాకున్నది ఇద్దరు కూతుళ్ళు," అంది అమ్మ. "ఒకతి పంచుకుంది."

నా కొట్టు, దాని మీది గది, నా పిల్లల బడి, తెల్లారేసరికి ఎముకల పులుసు మరిగే నా పెద్ద గిన్నె, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. దారి అడిగింది నేను. నోరు జారింది నేను. అమ్మ ఆ సంగతి పైకి అనలేదు, అనక్కర్లేదు కూడా.

గేటు దగ్గర ఖిమ్ ఆగిపోయింది. ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద. ఇప్పటిదాకా లేని భయం దాని మొహంలోకి వచ్చింది.

"అక్కా," అంది. "నువ్వు వద్దంటే ఆగిపోతాను."

ఆ మాట అమ్మ కూడా వింది. గిన్నె ఇంకాస్త ముందుకు చాపింది. ఒక్క ముక్క చాలు నేను తప్పించుకోవడానికి. ఆగవే అంటే చాలు. అది గొట్టంలో బూడిద తిరిగి గిన్నెలో పోస్తుంది, పట్టు జాకెట్టు తొడుక్కుంటుంది, రేపటినుంచి మళ్ళీ చీకట్లో ఆ హైవే దాటుతుంది. నేను మధ్యాహ్నం గిరాకీ టైముకి కొట్లో ఉంటాను.

"పో," అన్నాను. "ఆ బెల్జియం వాళ్ళు కూర్చుని ఉన్నారు. పో."

"మరి నువ్వు?"

"నా సంగతి నేను చూసుకుంటాను. కాలు పైకెత్తు."

ఎత్తింది. బూటు పెడల్లో టక్కుమని పడింది. తోంగ్ స్కూటరు వెనకే కదిలింది. వీధి మలుపు దాకా వాళ్ళు కనిపించారు, తర్వాత కనిపించలేదు.

వాకిట్లో మేం ముగ్గురం మిగిలాం. పిన్ని చాప దగ్గరికి పోయి అనవసరంగా పూలు సర్దుతోంది. నేను చేతులు ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. కొట్లోంచి వచ్చేటప్పుడు విప్పడం మరిచిపోయిన ఏప్రన్, ఆ పూట అదే నన్ను కాపాడింది. ఇత్తడి గిన్నె చిన్నదే కానీ తరతరాల బూడిద, తడిసి బిగిసి రాయిలా ఉంటుంది. అమ్మ మోచేతులు కిందికి దిగుతున్నాయి, దిగిన ప్రతిసారీ మళ్ళీ పైకెత్తుతోంది.

ఎండ వాకిట్లోకి వచ్చింది. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది.

"చాన్," అంది. "చేతులు లాగుతున్నాయే."

అమ్మకి ఏదైనా నొప్పి పుడుతుందని ఆమె నోటితో నేనెప్పుడూ వినలేదు. పంటి నొప్పి కూడా. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబులో నా పిడికిళ్ళు బిగుసుకున్నాయి. అందుకుంటే నా బతుకు ఇక్కడే. అందుకోకపోతే ఈమె ఇలాగే నిలబడుతుంది, ఎంతసేపైనా నిలబడుతుంది, ఆ మొండితనం మా ఇద్దరికీ ఇచ్చింది ఈమే కదా.

"దించెయ్యమ్మా," అన్నాను. "నేల మీద పెట్టెయ్. ఏమవుతుందో నేనూ చూస్తాను."

చాప మీద పిన్ని చేతులు ఆగిపోయాయి.

అమ్మ నా మొహంలోకి చూసింది. తర్వాత మొదటిసారిగా, నెమ్మదిగా, నేలకేసి చూసింది.